స్క్రిప్టుగారికి వేరే లైన్

సోమవారం, పొద్దున
శుద్ధి సైటు. దీపం: ఆకుపచ్చ.

ఈ లాగ్‌లో ఇంతకు మించి రాయకూడదని నియమం. సైటు పేరు, దీపం రంగు, కింద పరిశీలకురాలి పేరు, మంగవేణి. దీన్ని చదివే నాథుడు లేడని నాకు తెలుసు కాబట్టి మిగతాది కూడా రాస్తాను.

లేవగానే ఇంటి మీది సూర్యఫలకాలకు పట్టిన ఉప్పు గీకాను. సముద్రం కొండ నడుము దాకా వచ్చి కూర్చున్నప్పటి నుంచి మా కొత్తగట్టులో గాలి కూడా ఉప్పగానే ఉంటుంది. వడపోత కుండలోంచి ఇద్దరికి సరిపడా నీళ్ళు తీసుకుని వదిన మంచం దగ్గరికి వెళ్ళాను. నిన్నటికంటే కాళ్ళు ఇంకా ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

ఈ నీళ్ళు తాగి ఊళ్ళో సగం మందికి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు శుద్ధి కేంద్రంలో యంత్రం పక్కన కుర్చీలో కూర్చుని రక్తం కడిగించుకుంటేనే బతకడం. కుర్చీ కావాలంటే ఫోనులో శుద్ధి సైటు తెరిచి వేళ తీసుకోవాలి. వేళ లేకపోతే కేంద్రం గేటు తెరుచుకోదు, యంత్రం తాళం వీడదు. మా దాలమ్మ వదిన పోయిన వారమంతా ఫోను పట్టుకునే కూర్చుంది. వేళ దొరకలేదనడం కూడా తప్పే, అసలు సైటే తెరుచుకోలేదు. తెల్లటి తెర, దాని మధ్య తిరుగుతూ ఉండే చక్రం.

"ఒలే మంగా, నీ దీపం ఏటంటంది?" అని అడిగింది.

"వెలుగుతోంది వదినా."

"మరి నాకేటి ఇలాగ తిరగతాంది?"

అన్నయ్య పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. సాయంత్రం చౌకుకి వెళ్ళి దీపం నా కళ్ళతో చూసి వద్దామనుకున్నాను.

సోమవారం, సాయంత్రం
దీపం: ఆకుపచ్చ.

చౌకులో దీపాల గోడ ఉంది. ఊరికి ఎన్ని సైట్లున్నాయో అన్ని దీపాలు. నీళ్ళకొకటి, బియ్యానికొకటి, గేట్లకొకటి, శుద్ధికొకటి. సైటు పనిచేస్తుంటే ఆకుపచ్చ, చేయకపోతే ఎరుపు. ఆ రంగు చెప్పేది నా స్క్రిప్టులు, అంటే కంప్యూటరు తనంతట తానే నడిపించే ఆదేశాల పట్టీలు. కొనుక్కొచ్చిన పరిశీలన పరికరాలు ఊరికే సైటు తలుపు కొట్టి "ఉన్నారా?" అంటాయి, లోపలి నుంచి "ఉన్నాం" అనగానే తృప్తిపడి వెళ్ళిపోతాయి. అందుకే ఒక్కో సైటుకి ఒక్కో స్క్రిప్టు నేనే సొంతంగా రాశాను. పావుగంటకోసారి వెళ్ళి చూసి వస్తాయి.

దీపం ఆకుపచ్చగా ఉన్నంతసేపు ఆ సైటు మీద ఫిర్యాదు తీసుకోరు. ఫిర్యాదుల కిటికీకి ఇనప తలుపు ఉంటుంది, ఎరుపు పడితేనే అది పైకి లేస్తుంది. శుద్ధి కిటికీ లేవగా నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ దాని ముందు సింహాద్రి మావ నిలబడి ఉన్నాడు. మా వీధి చివర ఉంటాడు, పడవలు బాగుచేసేవాడు, ఇప్పుడు చెప్పుల్లో కాళ్ళు పట్టడం లేదు. ఇనప తలుపు మీద అరచేత్తో కొడుతున్నాడు. దారిన పోయే ఒకాయన ఆగి, "దీపం చూడవయ్యా, నిగనిగలాడుతోంది. నీ ఫోనే బాగులేదు," అని నవ్వి వెళ్ళాడు. పక్కనే ఇంకొకామె శుద్ధి దీపానికి దణ్ణం పెట్టుకుంటోంది. దణ్ణం! చూస్తే నాకు ఒళ్ళు మండింది.

శనివారం ఈ గోడ ముందే సన్మానం. శుద్ధి దీపం ఏడాదంతా ఒక్కసారి కూడా ఎర్రబడలేదని కేంద్రం సూపరింటెండెంటు వరాహమూర్తికి శాలువా, పూలదండ, జ్ఞాపిక. పరిశీలకురాలిని కాబట్టి నాకూ ఒక శాలువా. ఈ ఉక్కపోతలో శాలువా!

ఇంటికొచ్చి స్క్రిప్టు తెరిచాను. అది తలుపు కొట్టి ఊరుకునేది కాదు. లోపలికి వెళ్తుంది, దరఖాస్తు నింపుతుంది, ఒక కుర్చీకి వేళ తీసుకుంటుంది, ఎవరికీ అడ్డం కాకూడదని వెంటనే ఆ వేళ రద్దు చేసి వస్తుంది. చేత్తో మళ్ళీ నడిపించాను. కన్ను మూసి తెరిచేలోగా కుర్చీ దొరికింది, రద్దయింది, "బాగుంది" అని చెప్పింది. పక్క మంచం మీద వదిన ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది.

మంగళవారం
దీపం: ఆకుపచ్చ.

అదే స్క్రిప్టుని వదిన ఫోనులోంచి, వదిన పేరుతో నడిపించాను. చక్రం. నా పేరుతో నడిపించాను. చక్రమే. సింహాద్రి మావ ఫోను అడిగి తెచ్చి చూశాను, అందులోనూ అంతే. మళ్ళీ ఆఫీసు పేరుతో పంపితే తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

అప్పుడు అర్థమైంది. మా విభాగానికి ఒక నియమం ఉంది. స్క్రిప్టు ఏ సైటుకి వెళ్ళినా గడపలోనే తన పేరు చెప్పుకోవాలి, "నేను అందుబాటు పరిశీలన విభాగం నుంచి వచ్చాను" అని. స్క్రిప్టులో మొదటి వాక్యమే అది. ఆ వాక్యం తీసేసి పంపాను. చక్రం. పెట్టి పంపాను. "బాగుంది."

అంటే సైటుకి మనిషిని బట్టి మొహం. ఇన్‌స్పెక్టరు వచ్చినరోజు బడికి సున్నం వేసి, పిల్లలకి తల దువ్వి కూర్చోబెట్టినట్టు. ఏడాదిగా పావుగంటకోసారి నేను చూసి వచ్చింది ఆ సున్నాన్నే. పైగా దాని మీద సంతకం కూడా చేశాను.

వదినకి చెప్పాను. ఆయాసపడుతూ దిండుకి ఆనుకుని విన్నది.

"అయితే ఆలు నిన్ను మోసం సేసినారన్నమాట."

"మోసమే."

"నన్నేటి సేసినారు మరి?" అంది.

బుధవారం
దీపం: ఆకుపచ్చ. రాయడానికే చెయ్యి రావడం లేదు.

శుద్ధి కేంద్రానికి వెళ్ళాను. పరిశీలకురాలిని కాబట్టి గేటు నాకు తెరుచుకుంటుంది. గేటు బయట నీడ కూడా లేనిచోట మనుషులు చాపలు వేసుకుని కూర్చుని ఉన్నారు, ఎవరి వేళైనా రద్దయితే తమకి తగలకపోతుందా అని. సింహాద్రి మావ కూడా వాళ్ళలోనే ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను.

సైటు చూసుకునే జగ్గారావుని ఎప్పుడూ ఫోనులో వినడమే. దొంగలా ఉంటాడనుకున్నాను. నున్నగా దువ్విన తల, నెమ్మదైన మనిషి. నన్ను చూడగానే లేచి కుర్చీ లాగి, పళ్ళెంలో బిస్కెట్లు పెట్టి, వడపోసిన నీళ్ళు నిండు గ్లాసు ఇచ్చాడు. ఆ గ్లాసు ఒక ఇంటికి ఒక పూటకి సరిపోతుంది.

"మా స్క్రిప్టుని మీరు గుర్తుపడుతున్నారా?" అని మొహం మీదే అడిగేశాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "గుర్తుపట్టకపోతే ఎలా మేడమ్! పేరు చెప్పుకుని మరీ వస్తుంటే! మొదట్లో మామూలు లైన్లోనే నిలబడేది. మా సార్ చూసి ఎంత నొచ్చుకున్నారో! విభాగం వారి స్క్రిప్టుని జనంతో పాటు క్యూలో నిలబెడతావా, మర్యాద తెలీదా నీకు, అని నన్ను తిట్టారు. అప్పటి నుంచి వేరే లైన్ వేశాం. సైటు బలమంతా దాదాపు దానికే పెట్టాం. మీవాడు ఎప్పుడైనా ఆగాల్సి వచ్చిందా చెప్పండి?"

"మామూలు లైనో?"

"అది కాస్త నెమ్మది మేడమ్. ఉన్నదాంట్లో సర్దుకోవాలి కదా."

అబద్ధమాడి ఉంటే తిట్టి వచ్చేదాన్ని. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. చుట్టాన్ని బాగా చూసుకున్నానని మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ చూపు చూసి నాకు కోపం కంటే రోత ఎక్కువ పుట్టింది.

"మరి కుర్చీ సంగతి? మా స్క్రిప్టు కుర్చీకి వేళ తీసుకుంటుంది. అది ఎప్పుడు వెళ్ళినా ఖాళీ ఎలా దొరుకుతోంది?"

"అదీ ఏర్పాటు చేశాం మేడమ్, రండి చూద్దురుగాని," అని ఉత్సాహంగా లేచాడు.

బయటి హాల్లో యంత్రాలన్నీ నిండి ఉన్నాయి. దాని వెనక ఇంకో గది ఉంది. చల్లగా ఉంది. యంత్రాలు వరసగా, కొత్తవి, ఒక్క మనిషి లేడు. ప్రతి కుర్చీ మీదా ఉతికి ఆరేసిన తెల్ల తువ్వాలు, పెద్ద ఆఫీసర్ల కుర్చీల మీద వేసినట్టు. పక్కనే చిన్న బల్ల మీద గాజు కుండీలో పూలు. మొదటి కుర్చీకి కట్టిన అట్ట మీద "అందుబాటు పరిశీలన విభాగం వారికి" అని గుండ్రంగా రాసి ఉంది. దాని పక్కది తనిఖీ బృందం వారికి. ఆ పక్కవి ప్రముఖులకి.

"వీటిల్లో ఎవరైనా కూర్చున్నారా ఎప్పుడైనా?"

"అయ్యో, ఎవర్నీ కూర్చోనివ్వం మేడమ్. పొద్దునే నర్సు తుడిచి తువ్వాలు మారుస్తుంది. మీవాడు ఏ క్షణాన వస్తాడో తెలీదు కదా."

స్క్రిప్టు. నేను మా ఇంట్లో చాప మీద కూర్చుని రాసిన అక్షరాలు. దానికి కాళ్ళు లేవు, ఉబ్బడానికి. దానికి రక్తం లేదు. దానికోసం కుర్చీ మీద తువ్వాలు మారుస్తున్నారు, గోడ అవతల మనుషులు చాపల మీద ఎండలో పడి ఉన్నారు. నేను బయటికొచ్చి మెట్ల పక్కన వాంతి చేసుకున్నాను. జగ్గారావు పరిగెత్తుకొచ్చి ఇంకో గ్లాసు నీళ్ళు ఇవ్వబోయాడు.

గురువారం, పొద్దున
దీపం: ఇంకా ఆకుపచ్చ.

వదినకి పడుకుంటే ఊపిరి అందడం లేదు. గోడకి ఆనించి కూర్చోబెట్టాను. పెదాలు నల్లబడ్డాయి. ఇవాళ కుర్చీ దొరకకపోతే రేపటి సంగతి ఆలోచించక్కర్లేదు.

విభాగానికి ఫోను చేశాను. పైఅధికారి అంతా విని, "దీపం ఏ రంగులో ఉందమ్మా?" అన్నాడు. ఆకుపచ్చే అన్నాను. "మరింకేం?" అన్నాడు. ఫోను విసిరికొట్టబోయి ఆగాను. అది వదిన ఫోను.

స్క్రిప్టు తెరిచాను. పై నుంచి కింద దాకా చదివాను. పేరు చెప్పడం, లోపలికి వెళ్ళడం, దరఖాస్తు, వేళ తీసుకోవడం, వేళ రద్దు చేయడం. ఆఖరి పని ఒక్కటీ తీసేశాను. ఇక అది కుర్చీ తీసుకుంటుంది గానీ తిరిగి ఇవ్వదు.

నడిపించాను. వేళ నంబరు వచ్చింది. వదినని లేపి భుజం మీద చెయ్యి వేయించుకున్నాను.

"ఎవులి పేరు మీదే?" అంది.

"స్క్రిప్టు పేరు మీద."

"ఓలమ్మ, దానికీ పాడైనాయేటి మూత్రపిండాలు?" అని నవ్వబోయి దగ్గింది.

నంబరు చెప్పగానే గేటు తెరుచుకుంది. లోపలి గది నర్సు కుసుమ మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. యంత్రం తాళం వీడిపోయి, తెర మీద పేరు వెలుగుతోంది.

"పేషెంటు పేరు పరిశీలన విభాగం అని వస్తోందండీ. వయసు లేదు. బరువు సున్నా. నేనేం రాసుకోను?"

"దాలమ్మ. మీ పాత రికార్డులో బరువు, రక్తం గ్రూపు అన్నీ ఉంటాయి."

కుసుమ వదిన పెదాలకేసి చూసింది, తలుపుకేసి చూసింది. తరవాత తువ్వాలు లాగి నేల మీద పడేసి, "కూర్చోబెట్టండి, బేగి," అంది.

వదిన కుర్చీలో కూర్చుంది. గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎక్కడం చూశాక నేను గోడకి చేరగిలబడ్డాను. ఈ వారంలో అసహ్యం కానిది నేను చూసింది అదొక్కటే.

గురువారం, మధ్యాహ్నం
దీపం: ఎరుపు.

పావుగంట కాగానే స్క్రిప్టు మళ్ళీ వెళ్ళింది. తన కుర్చీలో ఎవరో ఉన్నారు. ఖాళీ లేదని చెప్పింది. చౌకులో శుద్ధి దీపం ఎర్రబడింది.

అక్కడ జనం పెట్టిన కేక కేంద్రం దాకా వినిపించింది. జనం ఎర్ర దీపం చూసి మొదట భయపడ్డారట. ఒకాయన, పరిశీలకురాలు ఊరికి అరిష్టం తెచ్చిపెట్టిందన్నాడట. నన్నే. ఏడాదిగా వాడి మొహాన అబద్ధం వెలుగుతుంటే దణ్ణం పెట్టాడు, నిజం వెలగగానే అరిష్టమయింది. అంతలో ఫిర్యాదుల కిటికీ తలుపు దానంతటదే కిర్రుమంటూ లేచింది. దాంతో అరిష్టం మాట మరిచిపోయి కిటికీ ముందు లైను కట్టారని కుసుమ ఫోనులో విని చెప్పింది.

వరాహమూర్తి పరిగెత్తుకుంటూ వచ్చాడు. శనివారం కోసం కుట్టించుకున్న కొత్త లాల్చీ సరిచూసుకుంటున్నాడేమో, భుజం దగ్గర గుండుసూది ఇంకా ఉంది. వదినని చూశాడు, నన్ను చూశాడు, కింద పడి ఉన్న తువ్వాలు చూశాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా మాట్లాడాడు.

"ముందే చెప్పకూడదటమ్మా? మీ వదినగారని తెలిస్తే ఈ తిప్పలుండేవా? ఇక నుంచి పక్క కుర్చీ ఆవిడదే. వారానికి రెండుసార్లు, జీవితాంతం. సైటు అక్కర్లేదు, గేటు దగ్గర మీ పేరు చెబితే చాలు. మీరు మాత్రం మీ స్క్రిప్టులో ఏం మార్చారో దాన్ని మళ్ళీ ఎప్పటిలా చేసేయండి. శనివారం దాకా దీపం నిలవాలి, పదిమందీ వస్తున్నారు."

నేను వెంటనే కాదనలేదు. అది కూడా ఇక్కడ రాయాల్సిందే. వదిన పెదాల్లోకి రంగు తిరిగి వస్తోంది. ఆమె బతకాలని తప్ప నాకు వేరే కోరిక లేదు. ఒక్క వాక్యం తిరిగి పెడితే ఆమె బతుకుతుంది. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్నందుకు నా చెయ్యి నాకే కంపు కొట్టింది.

"మంగా," అంది వదిన. కళ్ళు మూసుకునే ఉంది, నిద్రపోతోందనుకున్నాను. "ఆయనేటంటన్నాడు? నాకొక్కద్దానికే కుర్చీ ఇస్తానంటన్నాడా?"

"అవును వదినా."

"వొద్దని సెప్పు. రేపు గేటు కాడ ఆ సింహాద్రి మొకం ఎలాగ సూస్తాను నాను? ఆడు నాకంటే ముందు నుంచి కూకున్నాడు అక్కడ." కళ్ళు తెరిచి వరాహమూర్తిని చూసింది. "బావూ, పక్క కుర్చీ కాళీయే అన్నావు కాదేటి? ఆణ్ణి పిలవండి మరి."

"అది తనిఖీ బృందం వారిదమ్మా," అన్నాడు వరాహమూర్తి, ఆవిడకేదో తెలియనట్టు.

నేను ఫోను నడుం దగ్గర దోపుకున్నాను. స్క్రిప్టుని ముట్టుకోలేదు.

గురువారం, ఆ తరవాత
దీపం: ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు.

నాతో లాభం లేదని తేలాక వరాహమూర్తి జగ్గారావుని పిలిచాడు. వేరే లైన్ తీసేయమంటాడేమోనని చూశాను. ఆ ఆలోచన వాళ్ళిద్దరికీ రానే లేదు. విభాగం వారి స్క్రిప్టు ఖాళీ లేదనిపించుకుని వెనక్కి పోయిందే అని జగ్గారావు నిజంగా బాధపడుతున్నాడు. మర్యాద తప్పింది కాబట్టి సరిదిద్దాలి. తనిఖీ బృందం వారి అట్ట తీసేసి, ఆ కుర్చీకి స్క్రిప్టు పేరున్న అట్ట కట్టాడు. తువ్వాలు దులిపి మళ్ళీ పరిచాడు. పూల కుండీ ఇటు జరిపాడు.

పావుగంటయ్యాక స్క్రిప్టు వచ్చింది. కుర్చీ దొరికింది. తీసుకుంది. దీపం ఆకుపచ్చయింది. వరాహమూర్తి నుదురు తుడుచుకున్నాడు.

నేను గేటు దగ్గరికి వెళ్ళి, ఫోనుకి వచ్చిన కొత్త వేళ నంబరు చెప్పి, సింహాద్రి మావ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. కుసుమ అప్పటికే తువ్వాలు తీసేసి గొట్టాలు సర్దుతోంది. మావ కూర్చుని, చల్లటి గదిని చుట్టూ చూసి, గాజు కుండీలో పూలు చూసి, "ఇన్నాల్లూ ఇక్కడెవులుండేవారే?" అని అడిగాడు. ఎవరూ ఉండేవారు కాదని చెప్పాను. ఆయనకి నమ్మకం కుదరలేదు. ఇంకో పావుగంటకి దీపం ఎర్రబడింది.

వరాహమూర్తి ఇద్దరి కుర్చీలకేసీ చూశాడు. గొట్టాల్లో రక్తం తిరుగుతుండగా మనిషిని లేపే ధైర్యం ఆయనకి లేదు, మనిషి పోతే కారకుడిగా ఆయన పేరే రాస్తారు. వేరే లైన్ మూసేస్తే దీపం శనివారం దాకా ఎర్రగానే ఉంటుంది. నా ఉద్యోగం పీకిస్తానన్నాడు. పీకించమన్నాను. నేను పోయినా స్క్రిప్టు విభాగం యంత్రంలో ఇలాగే నడుస్తూ ఉంటుంది, అక్కడ దాన్ని చదవడం వచ్చినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఇది రాస్తుండగా ఆయన మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు. లాల్చీ చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

"అమ్మా, ప్రముఖుల కుర్చీ కూడా మీ స్క్రిప్టుకే రాయించాను. ఇదొక్కటీ వదిలిపెట్టమనండి దాన్ని. మీకు పుణ్యముంటుంది."

జగ్గారావు మూడో కుర్చీ మీద తువ్వాలు అంచులు సరిచేస్తున్నాడు. కుసుమ తువ్వాలు తీయడానికి పక్కనే నిలబడి ఉంది. వదిన ఒక చేతికి గొట్టాలతో, రెండో చెయ్యి నోటి పక్కన దొప్పలా పెట్టుకుని కిటికీ వైపు తిరిగి గేటు దాకా వినపడేలా కేకేసింది.

"తరవాతెవులు?"